అండమాన్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా..? విమానం టికెట్ బుక్ చేసే ముందు ఈ ఒక్క రోజు లెక్క చూసుకోండి!

తెల్లటి ఇసుక.. నీలం, ఆకుపచ్చ కలిసిన నీళ్లు.. ఫోన్‌లో ఒక్క రీల్ చూడగానే 'ఈసారి సెలవులకి అండమాన్ వెళ్లాల్సిందే' అని ఫిక్స్ అయిపోతారు చాలామంది. ఆ వెంటనే విమానం టికెట్లు బుక్ చేసేస్తారు. హోటల్, ఫెర్రీ, చూడాల్సిన ప్లేసులు అన్నీ ఆ తర్వాతే. సరిగ్గా ఇక్కడే తేడా కొడుతోంది.

ఎందుకంటే గోవా, ఊటీ ట్రిప్ వేరు, అండమాన్ ట్రిప్ వేరు. అక్కడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే బస్సు ఉండదు, క్యాబ్ ఉండదు. మధ్యలో సముద్రం ఉంటుంది. అది ఒప్పుకుంటేనే ప్రయాణం. ఒప్పుకోని రోజు ఎంత డబ్బు పెట్టినా దీవి దాటలేరు.

2016 డిసెంబర్‌లో ఇదే జరిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడటంతో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోయారు. ఫెర్రీలు ఆగిపోయాయి. చివరికి నేవీ, కోస్ట్ గార్డ్ నౌకలు వెళ్లి వాళ్లను తీసుకొచ్చాయి. తుఫాను వరకూ కూడా అక్కర్లేదు. సముద్రం కాస్త అల్లకల్లోలంగా ఉన్నా ఆ పూట ఫెర్రీ క్యాన్సిల్ అవ్వొచ్చు. మర్నాడు ఉదయం విమానం ఉన్నవాళ్ల పరిస్థితి ఏంటి మరి? టికెట్ డబ్బులు పోతాయి, అప్పటికప్పుడు కొనే కొత్త టికెట్‌కి రెండింతలు పెట్టాలి. నలుగురున్న ఫ్యామిలీ అయితే ట్రిప్ మొత్తం ఖర్చు ఒక్క రోజులో డబుల్ అయినట్టే.

ఏడాదంతా దాచుకున్న డబ్బుతో, పిల్లల్ని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే ట్రిప్ ఇది. అందుకే ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, ఏ రోజు ఎక్కడ ఉండాలి.. ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

పేర్లు మారాయి.. కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు

మొదట పేర్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబర్‌లో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది. అంతకుముందు 2018 డిసెంబర్ 30న మూడు దీవుల పేర్లు మారాయి. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. నీల్ షహీద్ ద్వీప్ అయింది. రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. 1943లో అదే తేదీన నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ జెండా ఎగరేశారు. దానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా ఈ పేర్లు పెట్టారు.

బుకింగ్ సైట్లలో ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు కనిపిస్తుంది. రెండూ ఒకటే. హావ్‌లాక్‌లో ఒక హోటల్, స్వరాజ్ ద్వీప్‌లో ఇంకో హోటల్ అనుకుని రెండు బుక్ చేసుకోకండి! అందరికీ తెలిసిన పాత పేర్లనే ఇక్కడ వాడుతున్నాం.

ఏ నెలలో వెళ్తే బెటర్?

అండమాన్‌కి రెండు వానాకాలాలు. మే నెల మధ్యలో నైరుతి రుతుపవనాలు మొదట తాకేది ఈ దీవులనే. 'రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి' అని ప్రతి ఏడాదీ వార్తల్లో వినేది అదే. అప్పటి నుంచి సెప్టెంబర్ వరకూ వానలే. ఆ తర్వాత అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకూ ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుఫాన్ల సీజన్. మన కోస్తా జిల్లాలను వణికించే తుఫాన్లలో చాలావాటికి పునాది అండమాన్ సముద్రంలోనే పడుతుంది.

అంటే సముద్రం ప్రశాంతంగా, నీళ్లు క్లియర్‌గా ఉండే నెలలు జనవరి నుంచి ఏప్రిల్ వరకు. జనవరి మొదటి వారం దాటాక వెళ్తే క్రిస్మస్, న్యూ ఇయర్ రద్దీ కూడా తగ్గుతుంది. సంక్రాంతి సెలవులను వాడుకోవాలనుకునే వాళ్లకు ఇది మంచి టైమ్. కాకపోతే సంక్రాంతి టికెట్లకు మన దగ్గర ఉండే డిమాండ్ సంగతి తెలిసిందే. రెండు, మూడు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

స్కూల్ సెలవులని మే నెలలో వెళ్లాలంటే మొదటి పది రోజుల్లోపే వెళ్లి వచ్చేయడం మేలు. దసరా సెలవులకు వెళ్లే వాళ్లు వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూస్తూ ఉండాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపించగానే హోటల్‌కి, ఫెర్రీ వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

ఇంకో చిన్న చిట్కా. తేదీలు ఫిక్స్ చేసేముందు ఇంట్లో గోడమీద క్యాలెండర్ తీసి అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో చూడండి. ఆ రోజుల చుట్టూ పోటు, పాటు రెండూ ఎక్కువగా ఉంటాయి. నీల్ దీవిలోని నేచురల్ బ్రిడ్జ్ దగ్గర రాళ్ల గుంటల్లో చిన్న చేపలు, సముద్రపు దోసకాయలు కనపడాలంటే నీళ్లు బాగా వెనక్కి వెళ్లాలి. అలాగే హావ్‌లాక్‌లో రాత్రిపూట నీళ్లు నీలంగా మెరిసే దృశ్యం చూడాలంటే వెన్నెల లేని రోజులు కావాలి. అమావాస్య దగ్గర్లో వెళ్తే ఈ రెండింటికీ అవకాశం ఉంటుంది.

ఎలా వెళ్లాలి..? విమానమా, ఓడా?

హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా విమానం ఉంది. ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. సీజన్‌ను బట్టి సర్వీసులు మారుతుంటాయి. డైరెక్ట్ లేని రోజు చెన్నై, బెంగళూరు లేదా కోల్‌కతా మీదుగా వెళ్లొచ్చు. విజయవాడ, తిరుపతి వైపు వాళ్లకు చెన్నై దగ్గరి దారి. వీలైనంత వరకు ఉదయం దిగే విమానమే చూసుకోండి. సాయంత్రం దిగితే మొదటి రోజు వేస్ట్ అయినట్టే. ఎందుకో కింద చెప్పుకుందాం.

వీర సావర్కర్ ఎయిర్‌పోర్ట్‌లో శంఖం ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్ 2023 జులైలో మొదలైంది. టికెట్‌పై కోడ్ మాత్రం పాతదే.. ఐఎక్స్‌జెడ్.

ఇక ఓడ. చాలామందికి తెలియని విషయం ఏంటంటే విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ప్యాసింజర్ షిప్ తిరుగుతుంది. చెన్నై, కోల్‌కతా నుంచి కూడా ఉన్నాయి. విశాఖ నుంచి దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. చేరడానికి రెండున్నర రోజులు పైనే పడుతుంది. తక్కువ ఛార్జీ ఉన్న బంక్ క్లాస్ నుంచి డీలక్స్ క్యాబిన్ వరకు ఉంటాయి.

కానీ ఇక్కడ రెండు సమస్యలు. ఒకటి, విశాఖ నుంచి ఓడలు రోజూ ఉండవు. షెడ్యూల్ కొద్ది వారాల ముందే వస్తుంది, అదీ మారుతుంటుంది. రెండు, తిరుగు ఓడ మీకు కావాల్సిన రోజు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. వారం సెలవు పెట్టుకున్న ఉద్యోగికి ఇది కుదరదు. ఎప్పటికైనా ఓడ ఎక్కాలన్న సరదా ఉన్నవాళ్లు వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకుంటే సరిపోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇంకో మార్గం ఉంది. సొంతూరి ఎల్‌టీసీకి బదులుగా అండమాన్ వెళ్లే ప్రత్యేక సడలింపును కేంద్రం ఏళ్లుగా పొడిగిస్తూ వస్తోంది. మీరు వెళ్లే తేదీకి అది అమల్లో ఉందో లేదో ఆఫీసులో కనుక్కోండి. టికెట్లు మాత్రం ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీల ద్వారానే తీసుకోవాలి. సొంతంగా ఆఫర్‌లో కొనేసి ఆ తర్వాత బిల్లు పెడితే రిజెక్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

అసలు చిక్కంతా ఫెర్రీ దగ్గరే!

అండమాన్, నికోబార్ కలిపి ఐదు వందలకు పైగా దీవులు. జనం ఉండేవి నలభై లోపే. టూరిస్టులు ఎక్కువగా వెళ్లేది మూడు చోట్లకు.. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్. ఈ మూడింటి మధ్య ఫెర్రీలో తిరగాలి.

ఫెర్రీల్లో రెండు రకాలు. ప్రైవేట్ కంపెనీల ఏసీ బోట్లు స్పీడ్‌గా వెళ్తాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి గంటన్నర. హావ్‌లాక్ నుంచి నీల్‌కి గంటలోపే. ఒక్కో టికెట్ వెయ్యి రూపాయలకు పైనే, క్లాస్‌ను బట్టి ఇంకా పెరుగుతుంది. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక. కానీ రెండున్నర గంటలు పడుతుంది. స్థానికులు ఆస్పత్రికి, కాలేజీకి, మార్కెట్‌కి వెళ్లేది ఇందులోనే కాబట్టి సీజన్‌లో టికెట్ దొరకడం కష్టం.

అందుకే ప్లానింగ్ ఆర్డర్ ఇలా ఉండాలి. మొదట తేదీలు అనుకోండి. తర్వాత ఆ తేదీల్లో ఫెర్రీ సీట్లు ఉన్నాయో లేదో చూడండి. అవి ఉన్నాయని తేలాక విమానం, ఫెర్రీ ఒకే రోజు బుక్ చేయండి. హోటల్ ఆఖర్న. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. హావ్‌లాక్‌లో రూమ్ బుక్ అయ్యాక ఫెర్రీ లేదని తెలుస్తుంది.

విమానం దిగిన రోజే హావ్‌లాక్ ఫెర్రీ పట్టుకోవాలనుకుంటే మధ్యలో కనీసం మూడు గంటలైనా గ్యాప్ ఉంచండి. విమానం లేట్ అయితే ఫెర్రీ ఆగదు. ఫెర్రీకి గంట ముందే జెట్టీకి చేరాలి. ఆధార్ లాంటి ఒరిజినల్ ఐడీ, లగేజీ స్కానింగ్.. అంతా చిన్న సైజు ఎయిర్‌పోర్ట్ లాగే ఉంటుంది. ఇంకో విషయం, ఏ జెట్టీయో టికెట్ మీద చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లో హ్యాడో, ఫీనిక్స్ బే అని రెండు వేర్వేరు చోట్ల నుంచి బోట్లు బయల్దేరతాయి.

వాంతుల సమస్య ఉన్నవాళ్లు బోట్ ఎక్కాక మాత్ర వేసుకుంటే లాభం లేదు. డాక్టర్ని అడిగి ముందే తెచ్చుకుని, బయల్దేరడానికి అరగంట ముందు వేసుకోవాలి. బోట్‌లో ముందు వరుస కంటే మధ్యలో, కింది అంతస్తులో కుదుపు తక్కువగా ఉంటుంది.

ఆ ఒక్క రోజు లెక్క ఇదే

టైటిల్‌లో చెప్పిన లెక్క ఇది. తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి కాదు.. ఆ ముందు రోజు మొత్తం మీరు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. అంటే ఆఖరి సముద్ర ప్రయాణం విమానానికి కనీసం ఒక పూర్తి రోజు ముందే అయిపోవాలి. ఒకవేళ ఫెర్రీ క్యాన్సిల్ అయినా మర్నాటి ఫెర్రీలో వచ్చి విమానం అందుకోవచ్చు. క్యాన్సిల్ కాకపోతే ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల తిరగొచ్చు. ఎటు చూసినా నష్టం లేదు.

ఆరు రాత్రులు, ఏడు రోజుల ట్రిప్‌కి ఈ లెక్క ఇలా సరిపోతుంది.

మొదటి రోజు: ఉదయం విమానంలో దిగి, భోజనం చేసి కాస్త రెస్ట్. మధ్యాహ్నం సెల్యులార్ జైలు. సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ షో.

రెండో రోజు: ఉదయం ఫెర్రీలో హావ్‌లాక్. సాయంత్రం రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం. 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోనే బెస్ట్ బీచ్‌గా ఎంపిక చేసింది దీన్నే.

మూడో రోజు: స్కూబా డైవింగ్ లేదా ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పిల్లలు, పెద్దవాళ్లు అలసిపోతారు.

నాలుగో రోజు: తెల్లవారుజామున కాలాపత్థర్ బీచ్‌లో సూర్యోదయం. తర్వాత ఫెర్రీలో నీల్. సాయంత్రం లక్ష్మణ్‌పూర్ బీచ్.

ఐదో రోజు: ఉదయం నీళ్లు వెనక్కి వెళ్లిన టైమ్ చూసుకుని నేచురల్ బ్రిడ్జ్, తర్వాత భరత్‌పూర్ బీచ్. మధ్యాహ్నం ఫెర్రీలో తిరిగి పోర్ట్ బ్లెయిర్.

ఆరో రోజు: ఇదే మీ సేఫ్టీ రోజు. అంతా సాఫీగా జరిగితే రాస్ ఐలాండ్, సముద్రిక మ్యూజియం, సాయంత్రం చిడియా టాపు. రాస్‌కి చిన్న బోట్ ప్రయాణమే, పూట పడుతుంది.

ఏడో రోజు: విమానం.

ఐదు రోజులే సెలవు ఉందా? అయితే నీల్ తీసేయండి, సేఫ్టీ రోజును మాత్రం తీయకండి. 'నాలుగు రోజుల్లో మూడు దీవులు' అనే ప్యాకేజీల్లో సాధారణంగా కోత పడేది ఈ రోజుకే.

సాయంత్రం ఐదున్నరకే చీకటి!

మొదటిసారి వెళ్లిన వాళ్లందరికీ షాక్ ఇచ్చేది ఇదే. అండమాన్‌లో కూడా మన గడియారం టైమే. కానీ సూర్యుడికి గడియారంతో పనిలేదు కదా. దేశం మొత్తానికి టైమ్ నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు దగ్గరగా వెళ్తుంది. పోర్ట్ బ్లెయిర్ అక్కడి నుంచి ఇంకా పది డిగ్రీలు తూర్పున ఉంది. హైదరాబాద్‌తో పోలిస్తే అక్కడ దాదాపు గంట ముందే పొద్దు పొడుస్తుంది, గంట ముందే పొద్దు గూకుతుంది.

చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే సూర్యాస్తమయం. ఐదున్నర కల్లా చీకటి. బీచ్‌లో స్నానాలు, వాటర్ స్పోర్ట్స్ అన్నీ అంతకుముందే బంద్. ఇక్కడి లాగా పదింటికి లేచి, టిఫిన్ చేసి, పన్నెండింటికి బయల్దేరితే చేతిలో మిగిలేది నాలుగైదు గంటలే. అందుకే ఉదయం ఐదింటికి లేచే అలవాటు ఆ వారం రోజులకైనా చేసుకోవాలి. సాయంత్రం దిగే విమానం వద్దని పైన చెప్పింది కూడా ఇందుకే.

స్కూబా డైవింగ్.. ఈత రాకపోయినా ఓకే, కానీ..

ఈత రానివాళ్లు కూడా ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి స్కూబా చేయొచ్చు. పదేళ్లు దాటిన పిల్లలకూ అనుమతి ఉంటుంది. ధర మూడు వేలకు పైనే, చోటును బట్టి మారుతుంది. దిగే ముందు ఒక హెల్త్ ఫారం ఇస్తారు. చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఇది చాలా డేంజర్.

ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్యే చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టర్ సలహా లేకుండా దిగకూడదు. గర్భిణులు అసలు చేయకూడదు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉన్నా చెవుల్లో ప్రెజర్ సర్దుకోక తీవ్రమైన నొప్పి వస్తుంది. నిజం దాచి దిగితే ప్రమాదం మీకే. పెద్ద ఆస్పత్రి కావాలంటే మళ్లీ సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ రావాలి.

ఇంకో ముఖ్యమైన రూల్. డైవింగ్ చేశాక కనీసం 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు. నీటి అడుగున ఒత్తిడి వల్ల రక్తంలోకి, కండరాల్లోకి నైట్రోజన్ ఎక్కువగా చేరుతుంది. అది మెల్లగా బయటకు పోవాలి. ఈలోపే విమానం ఎక్కితే పైన గాలి ఒత్తిడి తగ్గి ఆ వాయువు బుడగలుగా మారుతుంది. సోడా సీసా మూత తీసినప్పుడు బుడగలు వచ్చినట్టే! అందుకే స్కూబాను ట్రిప్ మధ్యలో పెట్టుకోవాలి, చివరి రోజు కాదు.

బీచ్‌లో దిగేముందు బోర్డులు కూడా చదవండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. రాధానగర్ దగ్గర 2010లో ఒక విదేశీ టూరిస్ట్ మొసలి దాడిలో చనిపోయారు. లైఫ్‌గార్డులు ఉన్నచోట, జెండాలు కట్టిన హద్దు లోపలే స్నానం చేయాలి. మడ అడవుల పక్కన, వాగులు సముద్రంలో కలిసే చోట నీళ్లలో దిగొద్దు.

సెల్యులార్ జైలు.. సెల్ఫీ స్పాట్ కాదు

1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు ఈ జైలును. మధ్యలో ఒక టవర్, దాని చుట్టూ సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు విభాగాలు. దాదాపు 690 గదులు, ఒక్కో గదిలో ఒక్కరే. ఒక విభాగం ముందు భాగం ఇంకో విభాగం వీపును చూసేలా కట్టారు. పక్క ఖైదీ ముఖం కూడా కనపడకూడదన్నదే ఉద్దేశం. ఇప్పుడు మూడు విభాగాలే మిగిలాయి. 1979లో జాతీయ స్మారకంగా ప్రకటించారు.

మనవాళ్లకు ఈ చోటుతో దగ్గరి సంబంధం ఉంది. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వారిలో కొందరికి అండమాన్ ప్రవాస శిక్ష పడింది. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి ఇక్కడికే వచ్చారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రి ఈ కథ చెప్పి తీసుకెళ్తే, ఆ గది ముందు నిలబడ్డప్పుడు వాళ్లకు అర్థమయ్యేది వేరుగా ఉంటుంది. లైట్ అండ్ సౌండ్ షోకు సీజన్‌లో టికెట్లు త్వరగా అయిపోతాయి. హిందీ షో ఎన్నింటికో, ఇంగ్లిష్ షో ఏ రోజో ముందే కనుక్కోండి.

అన్నట్టు, పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట వినపడితే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభా 3.8 లక్షలు. అందులో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆటో ఎక్కి హిందీలో బేరం మొదలుపెట్టేలోపే 'మనది ఏ ఊరండీ?' అన్న ప్రశ్న రావొచ్చు.

బారాటాంగ్ ప్యాకేజీలో చెప్పని విషయం

చాలా ప్యాకేజీల్లో బారాటాంగ్ సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం ఉంటాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడు, నాలుగింటికే బయల్దేరాలి. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్లన్నీ ఆగి, నిర్ణీత టైమ్‌లో కాన్వాయ్‌గా వెళ్తాయి. ఎందుకంటే ఆ దారి జరావా ఆదివాసుల రిజర్వ్ మధ్య నుంచి పోతుంది.

జరావాలు కొన్ని వందల మందే ఉన్నారు. 1990ల చివరి వరకూ బయటి వాళ్లతో పెద్దగా కలవలేదు. మనకు మామూలుగా వచ్చే జలుబు, తట్టు లాంటివి కూడా వాళ్లకు ప్రాణాంతకం కావొచ్చు. ఆ దారిలో బండి ఆపడం, ఫొటోలు, వీడియోలు తీయడం, తినేవి ఇవ్వడం అన్నీ నేరమే. ఆదివాసుల రక్షణకు 1956లో చేసిన రెగ్యులేషన్‌ను 2012లో ఇంకా కఠినం చేశారు. జైలు శిక్ష కూడా పడుతుంది. ఆ రోడ్డును మూసేయాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ట్రాఫిక్ ఆగలేదు.

గుహలు చూడటానికి వెళ్లడం చట్టబద్ధమే. కానీ 'దారిలో జరావాలు కనిపిస్తారు' అని ఆశ చూపి ప్యాకేజీ అమ్మే వాళ్లుంటే ఆ ఒక్క మాటతోనే వాళ్లను వదిలేయండి. మనుషుల్ని చూడటానికి టికెట్ కొనడం టూరిజం కాదు. పైగా ఇద్దరు చిన్నపిల్లలు, ఒక అమ్మమ్మ ఉన్న కుటుంబానికి అర్ధరాత్రి లేచి, బండిలో కాన్వాయ్ కోసం కాచుకుని, బోట్ ఎక్కి, గుహ వరకూ నడవడం చాలా కష్టం. ఆ రోజును రాస్ ఐలాండ్‌కి ఇస్తే అందరూ హ్యాపీ.

వెళ్లకూడని చోట్లు

సెంటినెల్ దీవి గురించి యూట్యూబ్‌లో వందల వీడియోలు ఉన్నాయి. అక్కడికి వెళ్లడం, దగ్గరకు బోట్ తీసుకెళ్లడం కూడా నిషేధం. 2018 నవంబర్‌లో దొంగచాటుగా వెళ్లిన ఒక అమెరికన్ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నికోబార్ దీవుల్లోని గిరిజన ప్రాంతాలకు ట్రైబల్ పాస్ ఉండాలి, మామూలు టూరిస్టులకు అది దొరకదు.

పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్‌లకు భారతీయులకు పర్మిట్ అక్కర్లేదు. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల పాస్‌పోర్ట్ ఉన్న బంధువులతో కలిసి వెళ్తుంటే మాత్రం వాళ్లకు రూల్స్ వేరు. ఓసీఐ కార్డు ఉంది కదా అని ఊరుకోకుండా టికెట్ కొనకముందే చూసుకోవాలి.

ఇంకో మాట.. బీచ్‌లో పగడపు ముక్క, పెద్ద శంఖం దొరికితే బ్యాగులో వేసుకోవద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరికితే ఇబ్బంది తప్పదు. షాపులో కొన్న గవ్వల వస్తువులకు బిల్లు దగ్గర పెట్టుకోండి.

డబ్బులు, నెట్, భోజనం

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఆప్టికల్ కేబుల్ వేశాక పోర్ట్ బ్లెయిర్‌లో నెట్ బాగా మెరుగైంది. హావ్‌లాక్, నీల్‌లో మాత్రం సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. యూపీఐ ఉంది కదా అని జేబులో రూపాయి లేకుండా వెళ్తే ఇబ్బందే. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఏటీఎంలో కావాల్సినంత తీసుకోండి. టికెట్లు, హోటల్ వోచర్లు ప్రింట్ తీసి ఒక సెట్ బ్యాగులో ఉంచండి.

దీవుల్లో చాలా సరుకులు ఓడ మీదే రావాలి. కూరగాయల నుంచి వాటర్ బాటిల్ దాకా కాస్త ధర ఎక్కువే. చేపలు తినేవాళ్లకు పండగే. శాకాహారులకు భోజనం దొరుకుతుంది గానీ హోటళ్లు తక్కువ. పెద్దవాళ్లు ఉంటే ఇంటి నుంచి పచ్చడి, పొడులు, అటుకులు పట్టుకెళ్లడం తెలివైన పని. బీపీ, షుగర్ మాత్రలు ట్రిప్ రోజుల కంటే మూడు, నాలుగు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. ఫెర్రీ ఆగిపోతే అవే ఆదుకుంటాయి. చెక్-ఇన్ బ్యాగులో కాదు, చేతి సంచిలో ఉంచాలి.

ప్యాకేజీ తీసుకుంటున్నారా..? ఈ 5 ప్రశ్నలు అడగండి

1. ఫెర్రీ ప్రైవేటా, ప్రభుత్వమా? టికెట్లు ఇప్పటికే కన్‌ఫర్మ్ అయ్యాయా, వెళ్లాక చూస్తారా?

2. వాతావరణం వల్ల ఫెర్రీ క్యాన్సిల్ అయితే అదనపు రాత్రి హోటల్ ఖర్చు ఎవరిది? ఫెర్రీ డబ్బు వెనక్కి ఎన్ని రోజుల్లో వస్తుంది?

3. తిరుగు విమానానికి ముందు రోజు ఏ దీవిలో ఉంటాం?

4. 'సైట్ సీయింగ్' అన్నదాంట్లో ఎంట్రీ టికెట్లు, బోట్ ఛార్జీలు, లైట్ అండ్ సౌండ్ షో కలిపారా, విడిగా కట్టాలా?

5. హోటల్ పేరు ఏంటి? 'ఫలానా హోటల్ లేదా అలాంటిదే' అని రాస్తే ఆ 'అలాంటిదే' ఏదో కూడా రాసివ్వమనండి.

సమాధానాలు ఫోన్‌లో కాదు, మెసేజ్ రూపంలో తీసుకోండి. మూడో ప్రశ్నకు తడబడే ఏజెంట్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

మొత్తానికి అండమాన్ కష్టమైన ట్రిప్ కాదు. కాకపోతే అక్కడ టైమ్‌టేబుల్ రాసేది సముద్రం. దానికి ఒక రోజు వదిలిపెడితే మిగతా ఆరు రోజులు టెన్షన్ లేకుండా గడుస్తాయి. ఆ ఒక్క రోజును మిగుల్చుకుందామని చూస్తే మాత్రం, జెట్టీలో లగేజీ మీద కూర్చుని అవతల ఎగిరిపోయే విమానం గురించి ఆలోచించాల్సి వస్తుంది. టికెట్ బుక్ చేసే ముందు ఇంట్లో అందరితో కూర్చుని ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.